పాతవి గతించెను, కమిటీ అనుమతితో

ఏటా డిసెంబరు 31 రాత్రి మన క్రైస్తవ సంఘాలు ప్రాచీన స్వభావాన్ని పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండు లోపు వదిలించుకుంటాయి. పన్నెండు దాటితే కేకు ఆలస్యమవుతుంది. ఇంత పెద్ద పని గంటన్నరలో తెమలాలంటే ఏర్పాట్లు పకడ్బందీగా ఉండాలి. చాలాచోట్ల వాక్యం బాగానే చెబుతున్నారు గానీ పాపాలు రాసి కాల్చే చీటీల దగ్గర దెబ్బతింటున్నారు.

ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టి చింపితే 8 చీటీలు. 200 మంది ఉన్న సంఘానికి 25 కాగితాలు చాలు. అంతకన్నా పెద్ద చీటీ ఇవ్వకండి. చోటు దొరికితే విశ్వాసులు వివరాల్లోకి పోతారు, వివరాల్లోకి పోతే పేర్లు బయటికొస్తాయి. పెన్సిల్ అసలే వద్దు. దాని ములుకు గ్రాఫైటు, చీటీల మంటకు కాలదు. నల్లబడ్డ కాగితం మీద అక్షరాలు నిగనిగలాడుతూ ఉంటాయి. గుట్టుగా ఉండాలని నాలుగైదు మడతలు పెట్టేవాళ్లుంటారు. లోపలికి గాలి ఆడక అంచులు మాత్రమే కాలి నడిమి భాగం అలాగే మిగిలిపోతుంది. జనవరి ఒకటి పొద్దున బాండీ కడగబోయిన మనిషికి ‘...ద్ద తోడికోడలి నోటి దురు...’ అన్న ముక్క దొరికిందంటే, సంఘంలో పెద్ద తోడికోడళ్లు ఎవరెవరో సాయంత్రానికల్లా తేలిపోతుంది. కాబట్టి మడత ఒక్కటే. ఇనుప బాండీలో రెండు వేళ్ల మందాన ఇసుక పోసి, పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టి, ఫ్యాన్లు కట్టేయండి. లేకపోతే సగం కాలిన పాపాలు ఎగిరొచ్చి పట్టుచీరల మీద వాలతాయి.

ఇంతకీ ఆ నోటి దురుసు తోడికోడలిది, చీటీ రాసింది ఇంకొకావిడ. ఎవరి పాపం వాళ్లే రాయాలని పాస్టరుగారు మైకులో ఒకటికి రెండుసార్లు చెప్పాలి. అప్పుడు ‘కోపం’ అని రాస్తారు. ‘టీవీ’ అని రాస్తారు, పిల్లలు ‘రీల్స్’ అని. అన్నీ ఉదారంగా వదిలేస్తారు, పైసా ఖర్చు లేదు.

బైబిల్లోని ఎఫెసు పట్టణంవాళ్లకు ఈ కిటుకు తెలియలేదు. మాంత్రిక విద్య మానుకుని పుస్తకాలన్నీ తెచ్చి అందరి ముందూ తగలబెట్టారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. వెల కడితే 50,000 వెండి రూకలు. ఆ కాలంలో వెండి రూక సుమారు ఒక దినకూలి. ఏడాదికి 300 పనిరోజులు వేసుకున్నా ఒక మనిషికి 160 ఏళ్లు దాటిన కష్టం. అమ్మేసి దశమభాగం కడితే 5,000 వచ్చేవి కదండీ అని ఆపే ట్రెజరరు ఆ ఊళ్లో లేకపోయాడు.

మత్తయి 5:24 జోలికి ఆ రాత్రి పోకపోవడమే క్షేమం. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని జ్ఞాపకమొస్తే కానుక బలిపీఠం ఎదుటనే విడిచిపెట్టి, మొదట వెళ్లి సమాధానపడమంటుంది. పదకొండున్నరకు సగం సంఘం లేచి బయల్దేరితే ఆరాధన ఏంగాను? పైగా ఆ సహోదరుడు రెండు వరుసల వెనకే కూర్చుని ఉంటాడు, బస్సు లేదన్న సాకు కూడా చెల్లదు. అందుకే కమిటీ ఆ వచనాన్ని సగానికి తీర్మానించింది. కానుక విడిచిపెట్టడం వరకూ అమల్లో ఉంది.

బైబిల్లోని సుంకరి జక్కయ్యకూ ముందుచూపు తక్కువ. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడు. ఈ లెక్కన గట్టు జరిపి తమ్ముడి చేలో 10 సెంట్లు కలుపుకున్న అన్నగారు 40 సెంట్లు వదులుకోవాలి, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరే. సండేస్కూల్లో జక్కయ్య పొట్టివాడని, మేడిచెట్టు ఎక్కాడని చేతులూపుతూ పాడించి, చెట్టు దిగాక ఏం చేశాడన్నది పెద్ద తరగతికి వాయిదా వేయడంలో మన పెద్దల వివేకం కనిపిస్తుంది.

ఇక ఏ చీటీకీ ఎక్కకూడనిది ఒకటుంది. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో దక్షిణాది సంఘాలకు ఉత్తరం రాసి, కులభేదాన్ని నిశ్చయంగా, వెంటనే, శాశ్వతంగా వదిలేయమన్నాడు. ‘వెంటనే’ అంటే ఏ తేదీ లోపలో ఆయన రాయలేదు. ఆ వెసులుబాటును సంఘాలు ఇప్పటికీ వాడుకుంటున్నాయి. క్రీస్తులో అందరూ ఒకటేనన్న బైబిల్లోని గలతీ పత్రిక అడ్డొస్తుందేమోనని బెంగపడనక్కర్లేదు. అందులో యూదుడు, గ్రీసుదేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు ఉన్నారు గానీ మన రెండు రాష్ట్రాల కులాల పట్టిక ఎక్కడా లేదు.

కనుక సంబంధాల ప్రకటన ఇలా వేయించండి: ‘రక్షణ పొంది, నీటి బాప్తిస్మం తీసుకుని, పరిచర్య భారం గల వధువు కావలెను. కట్నకానుకలు దేవుని చిత్తం. మా కులంవారు మాత్రమే.’ పైన ‘పాతవి గతించెను’ అన్న 2 కొరింథీ 5:17 వేస్తే నిండుగా ఉంటుంది. ఉపకులం కూడా రాయండి. రాయకపోతే తిరిగి జన్మించినవాళ్లందరూ ఫోన్లు చేస్తారు.