మాస్కుకీ ఓట్లకీ ఏం సంబంధం అండీ బాబూ!

2021 మార్చి 10 నుంచి టెక్సాస్‌లో కరోనా మాస్కు తప్పనిసరి కాదని గవర్నర్ అబాట్ రూలు ఎత్తేశాడు, సరే, కానీ షాపుల వాళ్లు కావాలంటే తమ రూలు తాము పెట్టుకోవచ్చని కూడా అదే ఆర్డర్‌లో ఉంది కదా. ఆ రెండో ముక్క ఎవరికీ పట్టలేదు. ఇక్కడ డాలస్‌లో మేం సరుకులకి వెళ్లే షాపు గుమ్మం దగ్గర ఒక కాలేజీ కుర్రాడు మాస్కుల డబ్బా పట్టుకుని నిలబడేవాడు. ఒకరోజు ఒకాయన వాడి మీద ఇంతెత్తున లేచాడు, "దొంగ ఓట్లతో గెలిచినవాడు చెబితే నేను వినాలా?" అని. ఆ పిల్లాడేమన్నా, ట్రంప్‌ని ఓడించి ప్రెసిడెంటైన బైడెన్‌కి చుట్టమా! చివరికి మాస్కు లాక్కుని, గడ్డానికి తగిలించుకుని, బండి తోసుకుంటూ లోపలికి పోయాడు మహానుభావుడు.

జార్జియా రాష్ట్రంలో ఆ 2020 ఎన్నికల ఓట్లు చేత్తో కూడా మళ్లీ లెక్కపెట్టారు, అక్కడ ఎన్నికలు చూసే పెద్దాయన రిపబ్లికనే, అయినా గెలిచింది బైడెనే అని తేలింది. నమ్మకపోతే మానండి. కానీ 2020 జులైలో టెక్సాస్‌లో మాస్కు పెట్టుకోమన్నది ఈ అబాటే, అప్పుడు ప్రెసిడెంటు ట్రంపే! ఆ ట్రంప్ కూడా 2021 జనవరిలో గుట్టుగా టీకా వేయించుకునే వైట్‌హౌస్ నుంచి వెళ్లాడు.

మనవాళ్లూ తక్కువేం తినలేదు. ఇక్కడ ఓటు హక్కే లేని హెచ్-వన్ వీసా బాబాయిలు వాట్సాప్‌లో "మాస్కు అంటే బానిసత్వం" అని ఫార్వర్డ్‌లు కొట్టేవారు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి మాత్రం రోజూ ఫోన్ చేసి గడప దాటొద్దని చెబుతూ.