పాడేవాళ్ళు కాదు, పాడించేవాళ్ళు కావాలి

తూర్పు లండన్ కుటుంబంతో వియ్యమందేటప్పుడు, రిసెప్షన్ ఏర్పాట్లు మాట్లాడుకుంటుంటే ఒక కోరిక రావడం మామూలే. "పెళ్ళికొడుకు నానమ్మకు పాత కాక్నీ పాటలంటే ప్రాణం, ఆవిడ కోసం ఓ అరగంట పెట్టిద్దామా?" కాక్నీలంటే తూర్పు లండన్ కష్టజీవులు, అవి వాళ్ళు పబ్బుల్లో పాడుకున్న పాటలు. మనవాళ్ళు సంతోషంగా ఒప్పుకుని ఆ పని డీజేకి అప్పజెప్తారు. పని చెడేది అక్కడే. డీజే ఏదో ప్లేలిస్టు దించి వరసగా వేస్తాడు. రెండో పాట అయ్యేసరికి పెద్దావిడ ఒక్కతే పెదాలు కదుపుతూ ఉంటుంది, తక్కిన హాలంతా కబుర్లలో పడుతుంది.

ఇవి కూర్చుని వినే పాటలు కావు. మ్యూజిక్ హాళ్ళు (పాటలూ హాస్యమూ నడిచే పాతకాలపు ఇంగ్లీషు వినోదశాలలు) వెలిగిన రోజుల్లో గాయకుడు స్టేజి మీద చరణంలో కథ చెప్పేవాడు, పల్లవి రాగానే హాలంతా అందుకునేది. తరవాత ఆ పల్లవులే పబ్బుల్లో పియానో చుట్టూ చేరాయి. కాలక్రమంలో చరణాలు జారిపోయాయి, పల్లవులు నిలిచాయి. రికార్డు వేస్తే ఆ చరణాలన్నీ మళ్ళీ వస్తాయి. 1910 నాటి జోకులు ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకే సరిగ్గా అర్థం కావు. పల్లవి మాత్రం, జనం నోరు తెరిచేలోపు, వచ్చి వెళ్ళిపోతుంది. పైగా శృతీ వేగమూ గాయకుడివి. కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఒక పియానో మనిషిని, ముందుండి పాడించే మనిషిని పెట్టుకోండి, లేకపోతే ఆ అరగంట మానేయండి.

పియానోను కాక్నీలు 'జోయానా' అంటారు. వాయించే మనిషిని ఎంచుకునేటప్పుడు ఎంత గొప్పగా వాయిస్తాడన్నది రెండో సంగతి. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. కాగితం చూడకుండా వాయించగలడా? అక్కడికక్కడ శృతి రెండు మెట్లు దించగలడా? ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా వెళ్ళగలడా? ఈ మూడో విద్య ఎలా ఉంటుందో తెలియాలంటే మిసెస్ మిల్స్ పాత పార్టీ రికార్డులు ఒకసారి వినండి. ఆవిడ మన ఈస్ట్ హామ్ పక్కనున్న బెక్టన్‌లో 1918లో పుట్టింది. ఆవిడ వాయించిన పియానో ఇప్పటికీ ఆబీ రోడ్ స్టూడియోలో ఆవిడ పేరుతోనే ఉంది, బీటిల్స్ కూడా దాన్ని వాడుకున్నారు. దాని సుత్తులకు లక్క పూసి గట్టిపరిచారు, అందుకే ఆ మోత జనం గొంతులను చీల్చుకుని వినిపిస్తుంది. డిజిటల్ పియానోలో 'హాంకీ టాంక్' అని ఒక మీట ఉంటుంది చూడండి, దాని జోలికి మాత్రం పోవద్దు. తీగల శృతి మరీ చెదిరినట్టు వినిపిస్తుంది కాబట్టి జనానికి స్వరం దొరకదు. మామూలు పియానో ధ్వనే కాస్త పదునుగా పెడితే చాలు.

ఇక శృతి. మామూలు మనిషి గొంతు కింది ఎ నుంచి పై డి దాకా ఇబ్బంది లేకుండా వెళ్తుంది. అచ్చు పుస్తకాల్లో ఈ పాటలు చాలావరకు అంతకంటే పైన ఉంటాయి, ఎందుకంటే అవి స్టేజి గాయకుల కోసం వేసినవి. 'డైసీ బెల్' తీసుకోండి. పల్లవి మొత్తం సరిగ్గా ఒక స్థాయిలో ఇమిడిపోతుంది, కింది పంచమం నుంచి పై పంచమం దాకా. ఎఫ్‌లో, అంటే మన సంగీతం వాళ్ళ లెక్కలో నాలుగు శృతిలో పెడితే మధ్య సి నుంచి పై సి వరకే పని. మగవాళ్ళు సహజంగానే ఒక స్థాయి కింద పాడుకుంటారు. అదే పాట సి శృతిలో ఎత్తుకుంటే ఆడవాళ్ళు మొదటి స్వరానికే పై జి అందుకోవాలి, లేదా మరీ కిందికి దిగి గొణుక్కోవాలి. హాల్లో జనం పాడటం లేదంటే సిగ్గనుకుంటాం. చాలాసార్లు కారణం శృతే.

'డైసీ' మొదటి పాటగా ఉండాలని నా పట్టు. 1892లో హ్యారీ డేకర్ రాసినది. అబ్బాయి అమ్మాయిని పెళ్ళాడమని అడుగుతున్నాడు, బండి కట్టించే స్తోమతు లేదు, ఇద్దరు తొక్కే సైకిలు మీద తీసుకెళ్తానంటున్నాడు. రిసెప్షన్‌కి ఇంతకంటే ఏం కావాలి? 1961లో బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్ చేత పాడించిన పాట కూడా ఇదే. మన టేబుళ్ళ మీద కూర్చున్న సాఫ్ట్‌వేర్ జనానికి ఆ ముక్క మైకులో చెప్తే సగం బెరుకు పోతుంది.

ఆ తరవాత 'ఎనీ ఓల్డ్ ఐరన్', 'ఐయామ్ హెనరీ ది ఎయిత్', రెండూ హ్యారీ చాంపియన్ పాడి నిలబెట్టినవే. హెనరీ పాటను 1965లో హెర్మన్స్ హెర్మిట్స్ అనే బృందం మళ్ళీ పాడింది కాబట్టి అమెరికా నుంచి వచ్చిన చుట్టాలకూ పరిచయం. ఏడుగురు హెన్రీల తరవాత ఎనిమిదో హెన్రీని చేసుకున్న విధవరాలి కథ అది. పెళ్ళిలో ఇదేం పాటని మన పెద్దలు అంటారేమోనని కొందరు జంకుతారు. పల్లవిలో ఆ సంగతి నవ్వుగా దాటిపోతుంది, నేనైతే ఉంచేస్తాను.

తీసేయాల్సినవి మాత్రం నిక్కచ్చిగా తీసేయాలి. 'బాయిల్డ్ బీఫ్ అండ్ క్యారట్స్' కూడా చాంపియన్ పాటే, 1909 నాటిది. పల్లవిలో గొడ్డుమాంసం తినమని చెప్పడమే కాదు, శాకాహారులు చిలకల తిండి తింటారని ఎగతాళి కూడా ఉంది. సగం హాలు పప్పూ గుత్తివంకాయా తిని కూర్చున్నచోట దాన్ని అందుకోవడం దేనికి? 'వెయిటింగ్ ఎట్ ది చర్చ్' 1906 నాటిది. పెళ్ళికూతురు చర్చిలో ఎదురుచూస్తూ ఉంటుంది, పెళ్ళికొడుకు రాడు, వాడికి ముందే పెళ్ళాం ఉందని తేలుతుంది. వియ్యపురాలిని ఏడిపించే పాటలు మనకూ ఉన్నాయి కదా అని ఎవరైనా వాదించవచ్చు. అవి అవతలి పక్షాన్ని ఆటపట్టిస్తాయి, పెళ్ళే ఆగిపోయిందని పాడవు. 'లిలీ ఆఫ్ లగూనా' పల్లవి తీయగా ఉంటుంది, పాత పాటల సంపుటాల్లో తరచూ కనిపిస్తుంది. కానీ అది ముఖానికి నల్లరంగు పూసుకున్న గాయకుడి కోసం 1898లో రాసినది, చరణంలో నల్లవాళ్ళను తిట్టే మాట ఉంది. వద్దు.

'మై ఓల్డ్ మ్యాన్' పాటలో బాగా చూసుకోవాల్సింది ఒకటుంది. అద్దె కట్టలేక రాత్రికి రాత్రి సామాను బండికెత్తి ఇల్లు ఖాళీ చేసే కథ, మేరీ లాయిడ్ పాడినది. అసలు పాటలో తప్పేం లేదు. ఫుట్‌బాల్ అభిమానులు మాత్రం ఆ వరసకు బూతు మాటలు కట్టుకున్నారు. వరుడి స్నేహితులు రెండు గ్లాసులు పడ్డాక ఏ మాటలు అందుకుంటారో చెప్పలేం, అందుకని దాన్ని సాయంత్రం తొలిభాగంలోనే కానిచ్చేయండి. 'ఐయామ్ ఫరెవర్ బ్లోయింగ్ బబుల్స్' వెస్ట్ హామ్ క్లబ్బు పాట. వియ్యాలవారిది ఏ క్లబ్బో కనుక్కోకుండా దాన్ని ముట్టుకోవద్దు, అవతల దాని బద్ధవైరి మిల్‌వాల్ ఇల్లైతే కొంప మునుగుతుంది. 'మై ఓల్డ్ డచ్' నలభై ఏళ్ళు కలిసి బతికిన భార్య గురించి భర్త పాడేది. కొత్త జంటకు కాదు, హాల్లో ఉన్న తాతా బామ్మలకు అంకితమిచ్చి పాడించండి. ఆల్బర్ట్ షెవాలియే దీన్ని స్టేజి మీద నిరుపేదలను చేర్చుకుని వృద్ధ దంపతులను విడదీసే వర్క్‌హౌస్ గుమ్మం ముందు పాడేవాడు. ఆ వివరం మైకులో చెప్పక్కర్లేదు.

కొందరు "అసలైన కాక్నీ పాటలే కావాలి" అని పట్టుబడతారు, ముఖ్యంగా ఇంటర్నెట్‌లో చదివి వచ్చిన మన కుర్రాళ్ళు. వాళ్ళ కొలతతో చూస్తే జాబితా మాయమైపోతుంది. 'రోల్ అవుట్ ది బ్యారెల్' చెక్ దేశస్థుడి పోల్కా. 'బబుల్స్' అమెరికన్ పాట. 'ఓల్డ్ బుల్ అండ్ బుష్' అమెరికాలో ఒక బీరు కంపెనీ పేరు మీద పుట్టిన పాటకు మాటలు మార్చినది, పైగా పాట పేరులోని పబ్బున్నది తూర్పు లండన్‌లో కాదు, ఉత్తరాన హాంప్‌స్టెడ్‌లో. 'మేబీ ఇట్స్ బికాజ్ ఐయామ్ ఎ లండనర్' పాటకు పేరు తెచ్చిన బడ్ ఫ్లానగన్ పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల బిడ్డ, వైట్‌చాపెల్‌లో పుట్టాడు. ఈస్ట్ ఎండ్ పబ్బులు ఏ పాటల్ని పాడి తమవి చేసుకున్నాయో అవే కాక్నీ పాటలు. ఆ లండనర్ పాట మన తెలుగు పిల్లలు పాడితే అతికించినట్టేమీ ఉండదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళేగా.

అతికించినట్టుండేది వేషం. ముత్యపు బొత్తాల కోట్లు అద్దెకు తెచ్చి పెళ్ళికొడుక్కి తొడగడం, పిల్లల చేత హకారం మింగి యాస మాట్లాడించడం, ఇవి చూసి ఆ నానమ్మ పైకి నవ్వినా లోపల నొచ్చుకుంటుంది. ఆ కోట్లు వేసుకునే పెర్లీ కింగ్‌లూ క్వీన్‌లూ నిజంగా ఉన్నారు. వీధులూడ్చే హెన్రీ క్రాఫ్ట్ మొదలుపెట్టిన ఆ సంప్రదాయం దానధర్మాల కోసం చందాలు పోగుచేయడానికి. పిలవాలనుకుంటే వాళ్ళనే పిలిచి, వాళ్ళు చెప్పిన ధర్మసంస్థకు డబ్బు ఇవ్వండి.

పాటల కాగితం లేకుండా ఏదీ నడవదు. ఎ4 కాగితం మడిచి పల్లవులు మాత్రమే వేయండి, అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు, ప్రతి పాటకూ పెద్ద అంకె. ముందుండి పాడించే మనిషి పేరు చెప్పి వెతికించడు, "నాలుగు!" అని అరుస్తాడు. ఇద్దరికొక కాగితం చాలు. ఒకే కాగితంలోకి ఇద్దరు తొంగిచూస్తే రెండు గొంతులూ లేస్తాయి. వెనకవైపు అవే పల్లవులు తెలుగు లిపిలో వేయండి, మన అమ్మమ్మలకూ పెద్దత్తలకూ ఇంగ్లీషు చదవడం రాకపోయినా పాడటం వచ్చు. స్పెల్లింగు చూసి కాదు, వరస విని రాయాలి. ఉదాహరణకు హెన్రీ అని రెండు ముక్కలు రాస్తే తాళం కుంటుతుంది, హె-న-రీ అని మూడు రాయాలి. పాట పేరులోనే ఆ మూడో అక్షరం చేర్చింది అందుకే. ఒక జాగ్రత్త: బ్రిటన్‌లో రచయిత పోయాక 70 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. డేకర్ పాటకు బెంగలేదు. లండనర్ పాట రాసిన హ్యూబర్ట్ గ్రెగ్ పోయింది 2004లో, దాన్ని అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. అలాంటి పాటలకు పాడించే మనిషి ప్రతి పాదాన్నీ అర క్షణం ముందు మాటగా అందిస్తే జనం పట్టుకుంటారు.

మైకు ఆ ఒక్కడికే. అదీ తగ్గించి పెట్టాలి. తన పక్కవాడి గొంతు తనకు వినబడినంతసేపే మనిషి పాడతాడు. స్పీకర్లు హోరెత్తిన క్షణాన వినేవాడైపోతాడు. లైట్లు కూడా ఆర్పొద్దు, కాగితం కనబడాలి. బఫే తెరిచి ఉండగా మొదలుపెట్టొద్దు. ఉపన్యాసాలు, కేకు అయిపోయి కాఫీ వచ్చి అందరూ కుర్చీల్లో ఉన్నప్పుడు, అడిగింది అరగంటైనా 20 నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం వద్దు. ఒక్కో పల్లవి రెండేసి సార్లు, నాలుగైదు పాటలు ఒక గుత్తిగా, గుత్తుల మధ్య మాత్రమే ఆగాలి. 'డైసీ' లాంటి మూడు దెబ్బల తాళం పాటలు ఒకచోట, నడక పాటలు ఇంకోచోట. తాళం మారినప్పుడల్లా చప్పట్లు తెగిపోతాయి.

హాలు బుక్ చేసేటప్పుడు సౌండ్ లిమిటర్ ఉందా అని అడగండి. గోడకో పైకప్పుకో చిన్న మైకు, పక్కన రంగు దీపాలు. పరిమితి దాటి కొన్ని క్షణాలు గడిస్తే స్టేజి ప్లగ్గులకు కరెంటు పోతుంది. అది మన స్పీకర్ల మోతనే కాదు, జనం అరుపునూ లెక్కిస్తుంది. 'లాంబెత్ వాక్'లో మూడువందల మంది ఒక్కసారి "ఓయ్!" అన్నారంటే ఎర్రదీపం వెలగొచ్చు. డిజిటల్ పియానో ఆరిపోతుంది. కరెంటు వచ్చాక మామూలు స్థితిలో లేస్తుంది, అంటే మీట నొక్కి దించిన శృతి మళ్ళీ పైకెళ్ళిపోతుంది. పక్కన అకార్డియన్ కూడా ఉంటే అది పాత శృతిలో, పియానో కొత్త శృతిలో, ఇక చెవులు మూసుకోవాల్సిందే. చేతులతోనే శృతి మార్చగలవాణ్ణి పెట్టుకోమన్నది ఇందుకు కూడా. అకార్డియన్ ఉంటే కరెంటు లేకపోయినా పల్లవి తెగదు.

చివర 'నీస్ అప్ మదర్ బ్రౌన్', కుర్చీలు జరిపి, నేల మీద ఒలికినవి తుడిచి. వలయంగా నిలబడి, చేతులు కలుపుకుని ఒక్కో మోకాలూ పైకెత్తుతూ గెంతడమే ఆట. మూడు విడతలు, ప్రతి విడతకూ వేగం పెంచాలి. మొదటిది నిదానంగా నడిచే వేగంలో ఉండకపోతే మూడోదానికి పెంచడానికి చోటుండదు. పట్టుచీర కుచ్చిళ్ళు సరిగ్గా ఎత్తిన మోకాలి కిందికే వస్తాయి కాబట్టి, చీరల్లో ఉన్నవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోవాలి, లేదా వలయం బయట నిలబడి తాళం వేయాలి. చిన్నపిల్లల్ని మధ్యలోకి రానివ్వొద్దు, మూడో విడతలో వలయం లోపలికి కుంచించుకుపోతుంది. అది అయ్యాక ఎవరికీ ఊపిరాడదు. డీజేకి ముందే చెప్పి ఉంచండి, మొదట ఏదైనా నిదానమైన పాట వేయమని, ఆలోపు మంచినీళ్ళు తిప్పించవచ్చు.