అందరూ కూర్చోక తప్పని క్లాసు

2025 మేలో పోప్‌గా ఎన్నికైన పద్నాలుగో లియో డిగ్రీలో చదివింది లెక్కలు. ఫిలడెల్ఫియా పక్కనున్న విల్లనోవా అనే క్యాథలిక్ విశ్వవిద్యాలయం నుంచి 1977లో మ్యాథ్స్ పట్టాతో బయటికొచ్చారు. ఈ వార్త మన దగ్గర చాలామందికి ముచ్చటేసింది, ఎంపీసీ వాళ్లకైతే మరీను. ముచ్చట సంగతి అలా ఉంచితే, ఈరోజు ఆ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌కి చేరినా బిజినెస్‌కి చేరినా మొదటి ఏడాది రెండు సెమిస్టర్లూ ఒక చిన్న క్లాసులో కూర్చుని పాత పుస్తకాలు చదవాలి, వాటి మీద వాదించాలి, వ్యాసాలు రాయాలి. సెయింట్ అగస్టీన్ పేరు మీద నడిచే ఈ సెమినార్‌ని తప్పించుకునే దారి లేదు.

బోస్టన్ కాలేజీ జాబితా ఇంకా పొడవు. 1863లో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు పెట్టిన ఈ విశ్వవిద్యాలయంలో మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏదైనా సరే, 15 కోర్ కోర్సులు పూర్తి చేస్తేనే పట్టా చేతికొస్తుంది. థియాలజీ (దైవశాస్త్రం) రెండు, ఫిలాసఫీ రెండు, చరిత్ర రెండు, సైన్సు రెండు, సామాజిక శాస్త్రాలు రెండు. మిగతా ఐదూ సాహిత్యం, రచన, గణితం, కళలు, భిన్న సంస్కృతులు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ అంటే సుమారు 40 కోర్సులు కాబట్టి మూడో వంతు పైనే వీటికి పోతుంది. అకౌంటెన్సీ చదివే కుర్రాడు కూడా దేవుడనేవాడుంటే పసిబిడ్డకి క్యాన్సర్ ఎందుకొస్తుందన్న ప్రశ్న ముందు కూర్చోవాల్సిందే. నమ్మమని ఎవరూ అనరు. చదివి, ఆలోచించి, నీ వాదన ఏమిటో రాయమంటారు. క్యాథలిక్కులతో పాటు ముస్లిం పిల్లలు, హిందూ పిల్లలు, ఏ దేవుణ్నీ లెక్కచేయని పిల్లలు అదే క్లాసులో ఉంటారు.

ఇందులో థియాలజీ సంగతి నాకు పెద్దగా పట్టలేదు. నచ్చిందల్లా 'తప్పదు' అన్న షరతే. ఇష్టమైన సబ్జెక్టుని పిల్లవాడు ఎలాగూ వెతుక్కుంటాడు. వాడు తనంతట తాను ఎప్పటికీ ముట్టుకోని దాన్ని తెచ్చి ముందు పెట్టాలంటే కాలేజీ కావాలి.

గోదావరి డెల్టాకి మిషన్ చదువులు కొత్తేమీ కాదు. 1830ల్లోనే నరసాపురంలో మిషనరీలు దిగారు గానీ వాళ్లు ప్రొటెస్టెంట్లు, బ్రదరెన్ సంఘం వాళ్లు. రాజమండ్రి వైపు లూథరన్లు. క్యాథలిక్కుల ముద్ర ఇక్కడ ఎక్కువగా చదువు మీదే కనిపిస్తుంది. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) స్కూళ్లు, కాన్వెంట్లు, వాటిపైన 1953లో ఏలూరులో జేఎంజే సిస్టర్లు మొదలెట్టిన సెయింట్ థెరిసా మహిళా కళాశాల. డెల్టా దాటి కృష్ణ ఒడ్డుకెళ్తే, ఆ మరుసటి ఏడాది క్లాసులు మొదలైన ఆంధ్ర లయోలా. ఆడపిల్లని ఊరు దాటించి చదివించడానికి జంకే రోజుల్లో "సిస్టర్లు చూసుకుంటార్లే" అన్న ఒక్క భరోసా మీద డిగ్రీ పూర్తి చేసిన అమ్మమ్మలు ఈ డెల్టాలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు దొరుకుతారు. ఆ మేలు మరిచిపోయేది కాదు.

అయితే ఆ సంప్రదాయం నుంచి మనదాకా వచ్చింది క్రమశిక్షణ, ఇంగ్లిషు, టైముకి మోగే గంట. భాష, సాహిత్యం, వాదన, తత్వం అంటూ మెట్టు మీద మెట్టుగా నడిచే పాఠ్య ప్రణాళికని జెస్యూట్లు 1599లోనే రాసుకున్నారు. ఆ వెన్నెముక మాత్రం ఓడ దిగలేదు. దానికి చెప్పుకునే కారణం ఒకటుంది, అది న్యాయమైనదే. ప్రభుత్వ గుర్తింపుతోనో నిధులతోనో నడిచే విద్యాసంస్థలో మతబోధకి హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. క్యాథలిక్ కాలేజీలో సీటు తీసుకున్నంత మాత్రాన భీమవరం రాజుగారి అబ్బాయో కోనసీమ మాల కుటుంబంలోని హిందూ అమ్మాయో బైబిలు పరీక్ష రాయాలనడం కుదరదు, కుదరకూడదు కూడా. అందుకే చాలాచోట్ల క్యాథలిక్ పిల్లలకి క్యాటకిజం అనే మతపాఠం, మిగతావాళ్లకి నీతిపాఠం అని గదులు వేరు చేసి సరిపెట్టారు. ఆ పని చేసినప్పుడే అసలుది జారిపోయింది. మతబోధ వద్దన్నారు సరే, కష్టమైన ప్రశ్న మీద అన్ని మతాల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టొద్దని 28వ అధికరణం ఎక్కడా చెప్పలేదు.

రెండో కారణం సిలబస్ మన చేతిలో లేదనేది. ఒకప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ, 2006 తర్వాత రాజమండ్రిలోని నన్నయ యూనివర్సిటీ ఏ పేపరిస్తే అది చెప్పడమే అనుబంధ కాలేజీల పని. అలా వచ్చిందే 'మానవ విలువలు, వృత్తి నైతికత' పేపరు. దాని గతి ఏమిటో డిగ్రీ చదివిన ఎవరినడిగినా చెబుతారు. పుస్తకం కొనరు. ఆల్ ఇన్ వన్ గైడులో ముఖ్యమైన ప్రశ్నలకి టిక్కులు పెట్టుకుని, పరీక్ష రోజు పొద్దున బస్సులో తణుకు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లేలోపు చదివేస్తారు. నిజాయితీ అంటే ఏమిటో నాలుగు పాయింట్లు, సైడ్ హెడ్డింగులు, కింద గీతలు. రెండు బెంచీల వెనక ఒకడు అదే నిజాయితీ ప్రశ్నకి చీటీ పెట్టి రాస్తుంటాడు. చీటీ పట్టుకున్న ఇన్విజిలేటర్‌కీ నవ్వొస్తుంది. విస్తరి అంచున వేసే ఉప్పులాంటిది ఆ పేపరు, అందరికీ వడ్డిస్తారు, ఎవరూ కలుపుకోరు.

జూన్, జులైల్లో పాలకొల్లులోనో అమలాపురంలోనో ఏ నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడ్డా మన డిగ్రీ ఎలా మొదలవుతుందో తెలుస్తుంది. ఆన్‌లైన్ అడ్మిషన్ ఫారం తెరిచి ఉంటుంది. అమ్మాయి పక్కన నిలబడి ఉంటుంది. "ఏ గ్రూపు పెడితే ఉద్యోగం వత్తాదండీ?" అని తండ్రి అడుగుతాడు. "కంప్యూటర్స్ పెట్టేయండి బాబాయ్" అంటాడు మౌస్ పట్టుకున్న కుర్రాడు, తలెత్తకుండానే. మూడేళ్ల చదువు అక్కడ ఖాయమైపోతుంది. అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదన్నది వేరే వ్యాసం.

2023–24లో రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఆ క్లిక్ ఇంకా బరువైంది. అంతకుముందు బీజెడ్‌సీ అంటే మూడు సబ్జెక్టులు, హెచ్‌ఈపీ అంటే మూడు సబ్జెక్టులు. ఏదో ఒకదానిలోనైనా మనసు పట్టేది. ఈ పద్ధతిలో ఒక మేజర్, దానికో మైనర్, మిగతా ఖాళీల్లో స్కిల్ కోర్సులు. తమాషా ఏమిటంటే ఇదంతా 2020 జాతీయ విద్యావిధానం పేరు మీదే జరిగింది. బాణభట్టుడి కాదంబరిని తలుచుకుని, 64 కళలూ తెలిసినవాడే చదువుకున్నవాడని మురిసిపోయిన పత్రం అది. 64 దాకా ఎందుకు, నాలుగు దొరికినా చాలు.

లిబరల్ ఆర్ట్స్ అనగానే మనకి ఎంపీసీలో సీటు రానివాళ్లు చేరే గ్రూపు గుర్తొస్తుంది. క్యాథలిక్ విశ్వవిద్యాలయాల లెక్క వేరు, అక్కడది అన్ని గ్రూపుల కింద ఉండే నేల. దీన్ని గట్టిగా వాదించినవాడు ఇంగ్లండ్‌కి చెందిన క్యాథలిక్ ఫాదర్ జాన్ హెన్రీ న్యూమన్. డబ్లిన్‌లో క్యాథలిక్ విశ్వవిద్యాలయం పెట్టబోతూ 1852లో ఆయన వరసగా ఉపన్యాసాలిచ్చాడు. (ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడాదే. రెండిటికీ సంబంధమేమీ లేదు, ఊరికే గుర్తొచ్చింది.) ఆయన వాదనలో నాకు బాగా పట్టింది ఒకటుంది. విద్య నుంచి ఒక శాస్త్రాన్ని తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, పక్క శాస్త్రాలు తమది కాని చోటు ఆక్రమించి, తమకి తెలియని విషయాల మీద తీర్పులు చెబుతాయి. ఆయన థియాలజీ కోసం అన్నా, మనం చరిత్రకి, నీతిశాస్త్రానికి, రాజనీతికి అన్వయించుకోవచ్చు.

డెల్టాలో ఆ ఖాళీని ఎవరు నింపారో చూడండి. చరిత్ర పాఠం కులసంఘాల కార్తీక వనభోజనాల్లో నడుస్తోంది. నీతిపాఠం మోటివేషన్ స్పీకర్లు చెబుతున్నారు. రాజ్యాంగం వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతోంది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురం తగలబడింది. మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. ఆ రోడ్ల మీద కాలేజీ వయసు కుర్రాళ్లు ఎంతమందో టీవీల్లో అందరం చూశాం. ఒక పేరు మీద అంత కోపం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ పేరు గల మనిషి ఏం రాశాడు అన్న ప్రశ్నని ఈ జిల్లా డిగ్రీ క్లాసుల్లో సిలబస్‌గా పెట్టే ధైర్యం ఆ తర్వాతైనా ఎవరికీ కలగలేదు. కేసులు నడిచాయి, పరీక్షలూ నడిచాయి.

మరి మన కోర్ పేపరు ఎలా ఉండాలి? నేనైతే కొల్లేరుతో మొదలెడతాను. ఏలూరు కాలేజీలకి బస్సు దూరం. 1999లో ప్లస్ ఐదు కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఆ గట్లు మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఉప్పుటేరులోంచి సముద్రంలోకి పోవాలంటే మధ్యలో ఈ సరస్సు ఖాళీగా ఉండాలి. జువాలజీ వాళ్లకి పక్షులు, ఆక్వా వాళ్లకి నీటిలో ఆక్సిజన్, కామర్స్ వాళ్లకి లీజు లెక్కలు, పాలిటిక్స్ వాళ్లకి కాంటూరు తగ్గించమన్న డిమాండు. ఇవేవీ తేల్చలేని ప్రశ్న ఒకటుంది, సరస్సు ఎవరిది? లంక గ్రామాల్లో వేట మీద బతికిన వడ్డి కుటుంబాలదా, వాళ్ల దగ్గర లీజుకి తీసుకున్న ఆసామిదా, వలసొచ్చే పక్షిదా, వరదొస్తే మునిగే ఏలూరుదా? క్లాసులో ఒకమ్మాయి తండ్రికి అక్కడ చెరువుంటుంది, ఇంకో అబ్బాయి తండ్రి ఆ చెరువు మీద కాపలా ఉంటాడు. ఆ ఇద్దరూ ఒకే పుస్తకం చదివి ఒకరి వాదన ఒకరు రాయాలి, తమది కాదు, ఎదుటివాళ్లది. అప్పుడు ఆల్ ఇన్ వన్ పనికిరాదు.

కొల్లేరు దాకా ఎందుకంటే భీమవరం దగ్గర తుందుర్రు ఉంది. అక్కడి ఆక్వా ఫుడ్ పార్క్ వ్యర్థాలు గొంతేరులో కలుస్తాయన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లు ఏళ్ల తరబడి పోరాడాయి. 144 సెక్షన్ పెట్టిన ఊళ్లవి. భీమవరం చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. ఇదెలా జరిగిందో చెప్పలేని ఆక్వా డిగ్రీ ఎందుకూ కొరగాదు.

ఉద్యోగాల మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే, ఎకరం అమ్మి చదివించే తండ్రి అడగకపోతే ఎవరడుగుతారు. అమెరికాలోనూ ఇదే ఒత్తిడి ఉంది. వర్జీనియాలోని మేరీమౌంట్ అనే క్యాథలిక్ విశ్వవిద్యాలయం 2023లో థియాలజీ, ఫిలాసఫీ, ఇంగ్లిషు, చరిత్ర, చివరికి గణితం మేజర్లని కూడా ఎత్తేసింది, చేరేవాళ్లు లేరని. కానీ అందరూ చదవాల్సిన కోర్ కోర్సులుగా వాటిని ఉంచుకుంది. మేజర్ పోయినా కోర్ నిలబడిందన్నమాట. మన పిల్లలు అమెరికా వెళ్లేది ఎక్కువగా ఎంఎస్‌కి, కోర్ ఉండేది డిగ్రీలో. అంటే అక్కడి చదువులో మనవాళ్లకి తగలని భాగమే ఇది. ఇక్కడా లేక, అక్కడా తగలక పోతోంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్య ధర కుదేలైనప్పుడు, ప్రతి రైతూ ఫోన్‌లో కౌంట్ రేటు చూసుకుని టెన్షన్ పడ్డాడు. సుంకం ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు, అది మన చెరువు గట్టు మీదికి ఎలా వస్తుందన్నది చదివినవాడికి మార్కెట్‌లో విలువ లేదని నేననుకోను.

ఇప్పుడు దీన్ని మొదలెట్టగలిగేది ఎవరు? సెయింట్ థెరిసా, ఆంధ్ర లయోలా లాంటివి అటానమస్ కాలేజీలు. సిలబస్ మన చేతిలో లేదన్న మాట వాళ్లకి పూర్తిగా చెల్లదు, సిలబస్ ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లదే. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త కోర్సు పేరూ అక్కర్లేదు, ఆ విలువల పేపరు గంటలే తీసుకోవచ్చు. అడ్డు ఎక్కడంటే మనుషుల దగ్గర. 2021లో ప్రభుత్వం అడిగాక రాష్ట్రంలో చాలా ఎయిడెడ్ కాలేజీలు సర్కారు జీతమిచ్చే తమ సిబ్బందిని ప్రభుత్వానికే సరెండర్ చేశాయి. చరిత్ర, ఫిలాసఫీ చెప్పే సీనియర్లు అలా పోతే, ఆ చోట్లలోకి గంటకింత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్లు వచ్చారు. 60 మంది పిల్లల వ్యాసాలు దిద్దమని వాళ్లనడగడం అన్యాయం. కాబట్టి జువాలజీ మేడమ్, కామర్స్ సార్, తెలుగు సార్ ముగ్గురూ కలిసి ఒక సెక్షన్‌ని పంచుకోవాలి, 20 మంది చొప్పున. ప్రిన్సిపాల్ ముందుగా అడిగేది వర్క్‌లోడ్ ఎవరి ఖాతాలో వేయాలని. ముగ్గురికీ సమానంగా వేయమనండి. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ కోసం పెట్టే ఫైల్లో 'మల్టీ డిసిప్లినరీ' అని ఒక గడి ఎలాగూ నింపాలి.