“ఆ… ఆ…” అన్నానంతే

నిన్నటి ఆదివారం సంగతి. మోకాలికి రాసిన మందు ఇంకా ఆరలేదు.

డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవం కదా, దానికి ముందే ఆటల పోటీలు పెడుతున్నాం, వాలంటీర్లు కావాలని మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. బొటనవేలి బొమ్మ పెట్టాను. చదివానని చెప్పడానికే పెట్టాను. వాళ్లు వస్తానని రాసుకున్నారు. అలా పొద్దున ఏడింటికి హన్మకొండలో ఒక మైదానంలో, పొట్ట దగ్గర ఒక సైజు తక్కువైన పసుపు టీషర్టులో తేలాను.

నాకిచ్చిన పని నీళ్ల సీసాలు పంచడం. అది పంచుకుంటూ కూర్చున్నా బతికిపోయేవాణ్ని. “సార్, మీరు ఖాళీయే కదా?” అని నిర్వాహకుడొకాయన నా చేతిలోని సీసాలు లాక్కుని, ఒక కుర్రాడి పక్కన నిలబెట్టి మాయమైపోయాడు.

కుర్రాడిది డిగ్రీ రెండో సంవత్సరం. పుట్టుకతో చూపు లేదు. 100 మీటర్ల పరుగులో ఉన్నాడు. పక్కన పరుగెత్తాల్సిన గైడు, అతని కాలేజీ జూనియర్‌కు జ్వరమట. జేబులోంచి పాత ట్రాక్ ప్యాంటు నాడా తీశాడు. మూరెడు కూడా లేదు, రెండు చివరలా ముడులు. ఒకటి తన చేతికి, ఒకటి నా చేతికి తగిలించాడు.

“గుంజొద్దు, నూకొద్దు అన్నా. గీత నేను దాటినంకనే మీరు దాటాలె. ముందుగాల మీరు దాటితే నన్ను తీసేస్తరు.”

“ఆ భయం పెట్టుకోకు తమ్ముడూ.”

“ఎప్పుడన్న ఉరికిన్రా?”

“బస్సు వెనకాల.”

“దొరికిందా?”

“లేదు.”

కాసేపు ఆలోచించాడు. “మాట్లాడుడైతే వస్తది కదా, చాలు. గీత దాటంగనే చెప్పుండ్రి, ఆగుత.”

ఈ పరుగులో కొందరికి కాస్త వెలుగు తెలుస్తుంది కాబట్టి, అందరికీ సమానంగా ఉండాలని కళ్లకు గంతలు కడతారు. ఆ గంతలు పంచే వాలంటీరు వచ్చి నాకూ కట్టబోయాడు. వాడిదీ పసుపు టీషర్టే.

విజిల్ పడింది. మొదటి 30 మీటర్లు నేను బాగానే పరుగెత్తానని ఇప్పటికీ నమ్ముతున్నాను. “నేరుగా… నేరుగా…” అన్నాను. 40 దగ్గర “నే” వరకే వచ్చింది. 60 దగ్గర అదీ పోయింది, గాలి ఒక్కటే మిగిలింది.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో అవునన్నా ఆయాసపడ్డా అక్షరం ఒకటే. ఆశ్చర్యపోతే ఆ. డాక్టరు నోరు తెరవమంటే ఆ. ఫైలు చూశావా అని మేనేజరు అడిగితే, చూడకపోయినా ఆ. ఇన్ని పనులు ఒక్క అక్షరం నెత్తిన పెట్టిన పెద్దలెవరోగానీ, వాళ్లెవరూ 100 మీటర్లు పరుగెత్తి ఉండరు.

“అయిందా అన్నా?” అన్నాడు కుర్రాడు.

“ఆ… ఆ… ఆ…”

ఆగాడు. 80 మీటర్ల దగ్గర, బ్రేకు కొట్టినట్టు. నాకు బ్రేకు లేదు. నాడా బిగిసింది, చెయ్యి వెనక్కి పోయింది, కాళ్లు ముందుకు పోయాయి, గిర్రున తిరిగి అతని పాదాల ముందు సాష్టాంగపడ్డాను. పక్క లైన్లో వాళ్లు సర్రున దాటిపోయారు. మైకులో ఎవరో “చప్పట్లు కొట్టండి” అన్నారు. జనం కొట్టారు.

“ఇంకెంత ఉన్నదన్నా?” అన్నాడు, నా చంక కింద చెయ్యివేసి లేపుతూ.

“ఇర… వై…”

గీత దగ్గర అతని దోస్తులు పేరు పెట్టి అరుస్తున్నారు. ఆ అరుపులు పట్టుకుని, మేడారం జాతరలో అలిగిన పిల్లాణ్ని ఈడ్చుకుపోయినట్టు నన్ను ఈడ్చుకుపోయాడు. గీత మాత్రం అతనే ముందు దాటాడు.

గైడు పరుగువాణ్ని గుంజకూడదని రూలుంది. పరుగువాడే గైడును గుంజితే? జడ్జి కాగితాలు తిప్పుతుండగా ముఖ్య అతిథి వచ్చేశారు. తొమ్మిదింటికి రావాల్సిన మనిషి పదకొండున్నరకు వచ్చారు. పోటీలన్నీ ఆపేశారు. మా తీర్పు ఇవాళ్టికీ తేలలేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక వైకల్యాల జాబితా 7 నుంచి 21 రకాలకు పెరిగిందని ఆయన ఎంత మురిసిపోయి చెప్పారంటే, మిగతా 14 ఆయనే మంజూరు చేశారేమో అనిపించింది. మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిందన్నారు. “పారాలింపిక్స్ సార్!” అని కింద నుంచి పదిమంది అరిచారు. ఆయన చెయ్యి ఊపారు. ఇదంతా అయిదు మెట్లున్న వేదిక మీద. ర్యాంపు లేదా అంటే ఉంది, దాని మీద జనరేటర్ పెట్టారు. చక్రాల కుర్చీలో గెలిచినవాళ్లకు పైనుంచి వంగి పతకాలు వేశారు. కుంటుకుంటూ నేనెక్కాను, నాకు శాలువా కప్పారు.

ఇంటికొచ్చి స్నానానికి వాచీ తీస్తుంటే కనబడింది, మణికట్టుకు నాడా. ఇవాళ పొద్దున్నే కుర్రాడి ఫోను.

“మోకాలు ఎట్లున్నదన్నా?”

“పర్లేదు తమ్ముడూ. మళ్లీ పోటీ ఎప్పుడుంది? నేను రేపట్నుంచే ప్రాక్టీసు…”

“మావోనికి జ్వరం తగ్గిందన్నా. ఆ నాడా పంపుండ్రి. మీరేం రావద్దు, బస్సుల కండక్టర్‌కు ఇస్తే చాలు. ఇస్తరా?”

“ఆ” అన్నాను.