కిటికీ మీద కేసు

పక్కవాటా పడగ్గది కిటికీ వానకి ఉబ్బి మూసుకోవడం మానేసింది. కాబట్టి ఈ మాటలు నా చెవిన పడటంలో నా తప్పేమీ లేదు. బట్టలు ఆరేస్తున్నానంతే. ఉన్నవి రెండు తువ్వాళ్లే అనుకోండి.

ఆవిడ: ఎవరితోనండీ ఫోన్లో?

ఆయన: కిటికీలతనితో.

ఆవిడ: మధ్యలో నేనెందుకొచ్చాను? "మా ఆవిడ వల్ల కావట్లేదండీ, కేసు పెట్టేద్దాం" అన్నారు. నా చెవులారా విన్నాను.

ఆయన: కేసు కాదే, కేస్‌మెంట్! కేస్‌మెంట్ కిటికీ పెట్టేద్దాం అన్నాను.

ఆవిడ: దొరికిపోగానే తోకొకటి తగిలించారు.

ఆయన: తోక కాదు, కిటికీలో రకం. తలుపులా బార్లా తెరుచుకుంటుంది.

ఆవిడ: పాతికేళ్లు కాపురం చేశాక నా మీద కేసు! పోనీ, ఏ సెక్షనో అదైనా చెప్పండి.

ఆయన: సెక్షన్ యూపీవీసీ.

ఆవిడ: అమ్మో! బెయిలు కూడా రాదేమో.

ఆయన: ఫ్రేము ప్లాస్టిక్‌ది తల్లీ! చెక్కలా నీళ్లు పీల్చి ఉబ్బదు.

ఆవిడ: నేను ఉబ్బానని కూడా రాయించారా ఫిర్యాదులో?

ఆయన: ముందు విను. స్లైడింగ్ అయితే ఒక రెక్క వెనక్కి ఇంకోటి జరుగుతుంది. ఎంత తీసినా సగమే ఖాళీ. నీకు గాలి చాలదు.

ఆవిడ: చాలదని నేను చెప్పానా?

ఆయన: రాత్రి మూడుసార్లు లేచి కిటికీ దగ్గర నిలబడతావుగా.

(కాసేపు చప్పుడు లేదు. నేను తువ్వాలు మళ్లీ పిండాను.)

ఆవిడ: నిద్రపోతున్నారనుకున్నాను.

ఆయన: నువ్వు లేస్తే దుప్పటి కూడా నీతోనే లేస్తుంది. ఇంక నిద్రెక్కడిది?

ఆవిడ: ఇది రెండో కేసు. దుప్పటి దొంగతనం.

ఆయన: సరే, ఈ టేపు పట్టుకో. పైన, మధ్యలో, కింద వెడల్పు కొలవాలి.

ఆవిడ: ఒక్క కిటికీకి మూడు వాంగ్మూలాలా?

ఆయన: గోడ తిన్నగా ఉండదే. చూడు, పైన 1203 మిల్లీమీటర్లు, మధ్యలో 1198, కింద 1201.

ఆవిడ: ఎవర్ని నమ్మాలి?

ఆయన: అన్నిట్లో తక్కువదాన్ని. ఫ్రేము అంతకన్నా కాస్త చిన్నదే చేస్తారు. సందుంటే పూడ్చుకోవచ్చు, పెద్దదైతే అసలు దూరదు.

ఆవిడ: తక్కువ చెప్పినవాళ్ల మాటే చెల్లుతుందన్నమాట. మరి మీరింత మాట్లాడతారేం? అది సరే, బయటికి తెరిస్తే బయటి అద్దం ఎవరు తుడుస్తారు?

ఆయన: ...

ఆవిడ: ముద్దాయి మౌనం.

ఆయన: కీలు వైపు చెయ్యి పట్టే సందు వచ్చే రకం ఉంటుందట. లోపల్నుంచే తుడవచ్చు. నేనే తుడుస్తాలే.

ఆవిడ: రాసివ్వండి. అయ్యో, ఈ శాంపిల్ ముక్కకి కింద కన్నాలేమిటి? చిల్లుది అంటగడుతున్నాడు మీకు.

ఆయన: ఫ్రేములో చేరిన వాననీళ్లు బయటికి పోవడానికి కావాలనే పెడతారు.

ఆవిడ: అచ్చం మీ చెవులే. లోపలికెళ్లింది నిలవదు.

ఆయన: హ్యాండిల్ కాస్త కిందికి పెట్టమన్నాను. నీకందాలిగా.

ఆవిడ: పొట్టిదాన్నని మూడో కేసు. ...ఎంత కిందికి?

ఆయన: నీ భుజం దాకా. నిన్న నువ్వు నిలబడి ఉన్నప్పుడు గోడమీద గీత గీశాను.

ఆవిడ: ఆ గీత ఎవరు చెరుపుతారు?

ఆయన: అద్దాలు రెండేసి వేయిద్దామా? మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, వేడి తగ్గుతుంది. కిటికీ బిగించి మూస్తే మన మాటలు బయటికి అంతగా పోవు కూడా.

ఆవిడ: అయితే వద్దు. ఒంటద్దం చాలు.

ఆయన: ఎందుకే?

ఆవిడ: కేసన్నాక నాకు సాక్షి ఉండొద్దూ! ఏం వదినా, ఆ తువ్వాలు ఇంకా ఆరలేదా?