పండ్లు పంచి వెళ్లిపోతే సరిపోతుందా?

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటినా వృద్ధాశ్రమంలో వడ్డన మొదలవదు. వంట ఎప్పుడో అయిపోయింది. ఆ పూట భోజనానికి డబ్బు కట్టిన కుటుంబం ఇంకా దారిలో ఉంది. పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకున్న మామ్మకు చేతులు వణుకుతుంటాయి. చివరికి కార్లు వస్తాయి, కేకు కోస్తారు. పాయసం గిన్నె మామ్మ చేతికిచ్చి, ఫొటో సరిగ్గా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. గంటలో హాలు ఖాళీ. మన ఊళ్లలో చాలా ఆశ్రమాలతో సమాజానికున్న సంబంధం ఇంతవరకే.

దాతల మనసు మంచిదే. వారి చందాలు లేకపోతే ఎన్నో ఆశ్రమాల్లో పొయ్యి వెలగదు. కానీ ఇచ్చి వచ్చేవాళ్లు, లోపల ఏం జరుగుతోందో చూసి రావడం లేదు. మంచాన పడ్డవారికి డైపర్ ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారు? వీపు మీద పుండ్లు పడ్డాయా? రాత్రి తలుపులు వేశాక ఎవరైనా కింద పడితే లేపడానికి ఒక్క ఆయాయే ఉందా? పింఛను డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? హాల్లో కేకు కోసి వెళ్లేవారికి ఇవేవీ కనపడవు. వారి ముందుకొచ్చేది లేచి నడవగలిగినవారు, మంచి చీర కట్టించి కూర్చోబెట్టినవారు. మిగతావారు వెనక గదిలో ఉంటారు. ఆ వెనక గది తలుపు తీసి చూసేవాళ్లు లేరన్నదే మా ఆందోళన.

2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో పోలీసులు ఓ ఆశ్రమం తలుపులు తెరిపిస్తే, ఇరుకు గదుల్లో కుక్కిపెట్టిన డెబ్బై మందికి పైగా వృద్ధులు, మానసిక రోగులు బయటపడ్డారు. కొందరిని గొలుసులతో కట్టేశారు. విషయం బయటికొచ్చింది చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదుతోనే. ఆ ఇరుగుపొరుగే లేకపోతే?

చట్టం చూద్దామంటే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో తెచ్చిన చట్టం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా ఆశ్రమాలు ‘ఏర్పాటు చేయవచ్చు’ అంది. చేసి తీరాలనలేదు. ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి లెక్క తెప్పించుకోమని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్ పెట్టాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చి, 2024లో సభ రద్దుతో మురిగిపోయింది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది కదా అంటారు. ఫోన్ ఆఫీసు టేబుల్ మీద, మామ్మ వెనక గదిలో మంచం మీద ఉంటే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది?

విదేశాల్లో ఉన్న పిల్లల సంగతీ ఇంతే. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో నెలనెలా డబ్బు పంపి, వాట్సాప్ వీడియో కాల్‌లో అమ్మ మొహం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ఫోన్ పట్టుకుని నిలబడేది ఆశ్రమం మనిషే. ఆ మనిషి ఎదుట ‘ఇక్కడ నాకు బాగోలేదురా’ అని ఏ తల్లి నోరు విప్పగలదు?

బయటివారు తరచూ వస్తే వృద్ధుల ఏకాంతానికి భంగమని, జబ్బులు అంటుకుంటాయని నిర్వాహకులంటారు. జాగ్రత్తలు తీసుకోవాల్సిందే. కానీ పుట్టినరోజుకు ముప్పై మంది వచ్చినప్పుడు గుర్తురాని ఏకాంతం, ఒకరు వచ్చి ప్రశ్న వేసేసరికి ఎలా గుర్తొస్తోంది?

కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో ఊరివాళ్లే శిక్షణ తీసుకుని మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్తారు. నర్సు పుండు కడుగుతుంటే వాలంటీరు పక్కన కూర్చుని కబుర్లు చెబుతాడు, మందులకు చందా పోగు చేస్తాడు. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని తన విధానంగా తీసుకుని పంచాయతీలను భాగం చేసింది. కెనడాలోని ఒంటారియోలో ప్రతి దీర్ఘకాల సంరక్షణ కేంద్రంలోనూ అక్కడ ఉండేవారి మండలి ఉండి తీరాలి. ఆ మండలి ఏదైనా రాసిస్తే యాజమాన్యం పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.

ఇదేమీ కోట్లు ఖర్చయ్యే పని కాదు. ప్రతి ఆశ్రమానికీ ఒక సందర్శకుల కమిటీ ఉండాలి. అందులో అక్కడ ఉండేవారి తరఫున ఇద్దరు, వీధిలోవాళ్లు ఇద్దరు, ఆశా కార్యకర్త, దొరికితే ఓ రిటైర్డ్ నర్సు ఉండాలి. చెప్పకుండా, రాత్రిపూట కూడా, వెనక గది దాకా వెళ్లే హక్కు వారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. వాళ్లు రాసింది కలెక్టరేట్‌కు చేరాలి, ఆశ్రమం గోడ మీదా కనపడాలి. ఏడాదికోసారి కేకుతో వెళ్లే కుటుంబం నెలకోసారి ఉత్త చేతులతో వెళ్లి అదే మామ్మ పక్కన అరగంట కూర్చోవాలి. మూడోసారికి ఆమే అసలు విషయం చెబుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ఏటా అక్టోబరు 1న, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం రోజు, అధికారులు ఆశ్రమాలకు వెళ్తారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు మా కార్యాలయానికే పంపుతారు. తమ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో, వాటి వెనక గదుల్లోకి ఆఖరిసారి ఎవరు ఎప్పుడు వెళ్లారో ఈసారి ఆ ఫొటోతో పాటు రాసి పంపండి. ఆ రెండూ చెప్పలేకపోతే ఆ పెద్దవాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగే అర్హత మీకు లేదు.