ఇంట్లో డంబెల్స్ ఉన్నాయి సరే, లాగే వ్యాయామం ఏదీ?

‘హోమ్ జిమ్ కాంబో 20 కిలోలు’ అని ఆన్‌లైన్‌లో కనిపించే సెట్టు కొనడం ఇక ఆపండి బాబూ. అందులో ఎక్కువగా వచ్చేవి పీవీసీ ప్లేట్లు. ప్లాస్టిక్ డొల్లలో సిమెంటో ఇసుకో నింపి మూసేస్తారు. ఒక్కసారి గట్టిగా కింద పడితే పగిలి గదంతా పొడి. పైగా ఇనుప ప్లేట్ల కంటే బాగా మందం. రేపు బరువు పెంచుదామని ఇంకో నాలుగు ప్లేట్లు తెచ్చినా, 14 అంగుళాల రాడ్డు మీద వాటికి చోటుండదు.

అసలు గొడవ అది కూడా కాదు. ఆ సెట్టుతో జనం చేసేది పుషప్స్, షోల్డర్ ప్రెస్, బైసెప్ కర్ల్. అన్నీ నెట్టేవీ, మడిచేవీ. వీపుకి పని పడేది లాగినప్పుడే, అదేదీ? ఛాతీకి డబ్బు పెట్టాల్సిన పనే లేదు. మామూలు పుషప్‌లో శరీర బరువులో దాదాపు 64 శాతం చేతుల మీద పడుతుంది, అంటే 70 కిలోల మనిషికి సుమారు 45 కిలోలు. కాళ్లు రెండడుగుల ఎత్తులో పెడితే 74 శాతం దాకా వెళ్తుంది. నెట్టడానికి నేల చాలు. లాగడానికి మాత్రం వేలాడే చోటు కావాలి. మొదటి రూపాయి అక్కడ పెట్టండి.

తలుపు ఫ్రేముల మధ్య తిప్పి బిగించే పుల్‌అప్ బార్ కేవలం రాపిడి మీద నిలబడుతుంది. దానితో వచ్చే, బార్ కొసలు కూర్చునే కప్పులను ఫ్రేములోకి స్క్రూలతో బిగించకుండా వేలాడితే, ఒకరోజు బార్‌తో సహా కిందికి వస్తారు. గోడకి కొట్టే బార్ అయితే గోడ దేనితో కట్టారో ముందు చూడండి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులవి, అంటే లోపల గాలి బుడగలుండే సిమెంటు దిమ్మెలు. మామూలు యాంకర్ బోల్టు బిగించేకొద్దీ బ్లాకు పొడి రాలుతుంది, పట్టు దొరకదు. కాంక్రీటు బీమ్‌కో పిల్లర్‌కో బిగించండి. పాత ఇళ్లలో ఉయ్యాల కోసం స్లాబులోనే పోసిన కొక్కేలుంటే అదృష్టం, తుప్పు పట్టలేదని చూసుకుని జిమ్నాస్టిక్ రింగులు వేసుకోండి. ఫ్యాన్ కొక్కెం జోలికి మాత్రం పోకండి.

ఇవేవీ కుదరకపోతే దుప్పటి ఉంది. ఒక కొసకి లావుపాటి ముడి వేసి, ముడి అవతల ఉండేలా తలుపు పైనుంచి వేసి, తలుపు మూసి గడియ పెట్టండి. మీరు లాగితే తలుపు ఇంకా బిగుసుకునే వైపే నిలబడాలి. రెండో వైపు నిలబడ్డారో, గడియ ఊడి తలుపు మీ మొహం మీదికే వస్తుంది. వెనక్కి వాలి రెండు చేతులతో ఛాతీ వరకు లాక్కోండి. పాదాలు తలుపుకి దగ్గరయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది. బాత్రూం పీవీసీ తలుపుతో ఈ ప్రయోగం వద్దు.

కాళ్లకి ఇంట్లో బియ్యం బస్తా ఉండనే ఉంది. (2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వచ్చాక చాలా బస్తాలు 26 కిలోలయ్యాయి, మనకి ఒక కిలో లాభం.) ఛాతీకి హత్తుకుని బస్కీలు తీయండి. అది తేలికైపోయాక ఒక పాదం వెనక మంచం అంచు మీద పెట్టి ఒంటికాలితో చేయండి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే జారుతుంది.

ఇక డంబెల్స్ ఇప్పటికే కొనేసినవాళ్లకి. రాడ్డుకి రెండు వైపులా ప్లేటు పడాలి కాబట్టి, చిన్న ప్లేటు 1 కిలోదైతే మీరు ఒక్కసారికి పెంచగలిగేది 2 కిలోలు. 6 నుంచి 8కి వెళ్లడమంటే మూడో వంతు పెంచినట్టు. వంగి డంబెల్‌ని నడుము వైపు లాగే రోయింగ్‌కి పర్వాలేదు గానీ, చేతులు పక్కకి లేపే లేటరల్ రెయిజ్‌లో భుజం ఒప్పుకోదు, నడుము ఊపి దొంగ రెప్స్ (ఎత్తి దించడాలు) మొదలవుతాయి. అరకిలో ప్లేట్లు నాలుగు తెచ్చుకోండి. అవి దొరక్కపోతే పాత బరువుతోనే దించడానికి మూడు సెకన్లు తీసుకుంటూ, మూడు సెట్లలోనూ 15 రెప్స్ శుభ్రంగా వచ్చాకే పైకి వెళ్లండి. ప్రతి సెట్టుకి ముందు నట్టు ఒకసారి చేత్తో బిగించండి. చెయ్యి తిరిగినప్పుడల్లా అది కొంచెం కొంచెం వదులవుతుంది, తల మీదికి ఎత్తినప్పుడే ప్లేటు జారుతుంది.